ద్వీపయాత్రలును దిక్కులేని పిల్లలును



వేసవి సెలవులు ముగిసి పాఠశాల తెరచిన మొదటి వారమున, "సెలవులలో నేను చూచిన స్థలము" అను విషయమును గూర్చి వ్యాసము వ్రాయుడని పై తరగతివారికి చెప్పుట నా వాడుక. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక బాలిక, తలిదండ్రులతోను నాయనమ్మతోను బాలిద్వీపమునకు పోయివచ్చిన వృత్తాంతమును వ్రాసెను. కొండచరియలపై మెట్లుమెట్లుగా నున్న వరిమళ్లను, అగుంగ్ అను అగ్నిపర్వతమును, సముద్రమును చక్కగా వర్ణించి, తుదను ఒక అనాథాశ్రమమును గూర్చి ప్రస్తావించెను. బండి నడుపువాడు వారి నచ్చటికి తీసికొనిపోయెనట. నాలుగేండ్ల పసిపిల్ల యొకతె పరుగెత్తి వచ్చి ఈమె తల్లి యొడిలో కూర్చుండి, గంటసేపు మెడ విడువలేదట. వీరు మిఠాయిలు పంచి, ఛాయాచిత్రములు తీసికొని, కొంత ద్రవ్యమిచ్చి బయలుదేరిరి. అంతలో వేఱొక బండి వచ్చెను. ఆ పసిపిల్ల వీరివంక చూడక, ఆ బండి దిగిన యామె యొడిలోనికి పోయెను. "ఎందుచేత?" అని ఆ బాలిక వ్యాసమును ముగించినది.

నేనప్పుడు వ్యాసమునకు మంచి గుణములిచ్చితిని గాని, ఆ ప్రశ్నకు సమాధానము వ్రాయలేదు. నాకు తెలియదు. పిమ్మట చదివి తెలిసికొన్నదానిని ఇప్పుడు పాఠముగా వ్రాయుచున్నాను.

1. ఆ పిల్లలు అనాథలేనా?

బాలి యిండొనీషియా దేశములోని యొక ద్వీపము. 2019వ సంవత్సరమున అచ్చటికి 60 లక్షలకు పైగా విదేశీయులు విహారార్థము వచ్చిరి. ఇటీవల మన తెలుగు కుటుంబములును పోవుచున్నవి. కుటుంబమంతయు కలిసి సెలవులు గడపుట మంచిదే. పనుల తొందరలో పిల్లలతో నాలుగు మాటలాడ తీరికలేని తండ్రి, అచ్చట ఇసుకలో వారితో ఆడుకొనును. అట్టి సంతోషము కలిగినప్పుడు, అది లేని పిల్లలను తలచుకొని జాలిపడుటయు సహజమే. ఆ జాలినే మనము పరీక్షించి చూడవలసియున్నది.

ఇండొనీషియాలోని బాలాశ్రమములను గూర్చి 2007లో ప్రకటింపబడిన పరిశోధనలో ఒక సంగతి బయలుపడెను. పరిశీలించిన ఆశ్రమములలోని పిల్లలలో నూటికి దాదాపు 90 మందికి తల్లి గాని తండ్రి గాని జీవించియే యుండిరి. వారి నచ్చటికి చేర్చినది మరణము కాదు, పేదఱికము. ముఖ్యముగా చదువు చెప్పించు శక్తి లేక తలిదండ్రులే పంపిరి. నేపాళములోను బాలాశ్రమములలో అధికభాగము ఖాట్మండు, పోఖరా మున్నగు యాత్రికులు చేరు తావులయందే యుండుట కనుగొనబడినది. కారణము కఠినమైనను సులభముగా తెలియును. యాత్రికుడు ఆశ్రమమునకు ద్రవ్యమిచ్చును. ఆశ్రమమునకు పిల్లలు కావలెను. పిల్లలు పేదయిండ్లనుండి వత్తురు. ఆ ధనమే బిడ్డను తల్లినుండి దూరము చేయుటకు సాధనము కాగలదు.

2. పసిపిల్ల ఒడిలో ఎందుకు కూర్చుండెను?

రుమేనియా దేశములో 2000వ సంవత్సరమున ఒక పరిశోధన ఆరంభమయ్యెను. ఆశ్రమములలోని 136 మంది పసిబిడ్డలలో సగముమందిని శిక్షణపొందిన పెంపుడు కుటుంబములకు అప్పగించి, ఏండ్ల తరబడి ఉభయులను పరిశీలించిరి. కుటుంబములలో పెరిగినవారికి బుద్ధియు, మాటయు, మనుష్యులయందలి అనురాగమును మెఱుగుగా వృద్ధిపొందెను. రెండేండ్లు నిండకమునుపే ఇల్లు దొరకినవారికి మేలు మిక్కిలిగా కలిగెను.

సాధారణముగా బిడ్డ క్రొత్తవారిని చూచి తల్లి కొంగుచాటునకు పోవును. అది ఆరోగ్యలక్షణము. తనదని చెప్పుకొన ఒక కొంగు దానికున్నది. ఆశ్రమములలో సంరక్షకులు తఱచుగా మాఱుచుండుటచే, కొందఱు పిల్లలు ఎవరు వచ్చినను భేదము లేక వారిపై వ్రాలుదురు. మనము దానిని ప్రేమయనుకొని మురియుదుము. అది ప్రేమకు మొగము వాచిన పిల్ల గాయము. మనము గంటసేపు ఎత్తుకొని దింపి వచ్చినప్పుడు, విడిచిపోవువారి జాబితాలో మఱియొకరి పేరు చేర్చి వచ్చుచున్నాము.

3. లోకమేమి నిర్ణయించెను?

2009లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన నియమములలో, పేదఱికమొక్కటే కారణముగా ఏ బిడ్డను తలిదండ్రులనుండి వేఱుచేయరాదని యున్నది. 2019లో ఆ సమితియే, యాత్రికులు అనాథాశ్రమములను దర్శించుటవలనను, అచ్చట స్వల్పకాలము సేవచేయుటవలనను కలుగు కీడును నివారింపవలెనని దేశములను కోరెను. మన దేశమందు 2015 నాటి బాలన్యాయ చట్టమును, ఆశ్రమవాసము కట్టకడపటి యుపాయముగా నుండవలెనని చెప్పుచున్నది.

అట్లయిన ఆశ్రమములన్నియు చెడ్డవా యని మీరడుగవచ్చును. కాదు. ఏ దిక్కును లేని బిడ్డకు, హింసకు లోనైన బిడ్డకు ఆశ్రయము కావలయును. మార్పులేని సంరక్షకులు కలిగి, బంధువులను వెదకి, బిడ్డను ఇల్లు చేర్చుటకు పాటుపడు ఆశ్రమము గౌరవింపదగినది. అట్టిది యాత్రికులకు పిల్లలను చూపి పాటలు పాడింపదు.

4. మనమేమి చేయవలెను?

మోషే చరిత్ర మీరెఱుగుదురు. నదిలో దొరకిన బిడ్డను ఫరో కుమార్తె పెంచుకొనదలచి, పాలిచ్చుటకు ఒక స్త్రీకి జీతమేర్పఱచెను. ఆ స్త్రీ బిడ్డ కన్నతల్లియే. రాజకుమారికి ఆ సంగతి తెలియకున్నను, ఆమె ద్రవ్యము బిడ్డను తల్లి యొడిలోనే నిలిపినది.

నా విషయమును చెప్పెదను. నా ఆఱవయేట నా తండ్రి గతించెను. నన్ను దూరపు ఆశ్రమమునకు పంపుమని బంధువులు నా తల్లికి చెప్పిరి. మా యూరి ఉపాధ్యాయుడొకరు నెలనెల బియ్యమును, పుస్తకములకు సొమ్మును ఇంటికి పంపిరి. అందుచేత నేను రాత్రులు తల్లిచేతి ముద్ద తిని చదువుకొంటిని. ఆయన నన్నెన్నడును ఒడిలో కూర్చుండబెట్టుకొనలేదు. నాతో ఛాయాచిత్రము తీయించుకొనలేదు.

నేడు ప్రభుత్వమును ఈ మార్గమునే త్రొక్కుచున్నది. మిషన్ వాత్సల్య పథకపు 2022 నాటి నియమముల ప్రకారము, అర్హులైన బిడ్డలు కుటుంబములోనే యుండి చదువుకొనుటకు నెలకు 4,000 రూపాయల సహాయము లభించును. తండ్రిని కోల్పోయిన బిడ్డ మీ వీధిలోనున్న, జిల్లా బాలల సంరక్షణ కార్యాలయమునకు పోవుటకు ఆ తల్లికి తోడుపడుడు. ఆపదలోనున్న బిడ్డను చూచిన, 1098 అను సంఖ్యకు ఫోను చేయుడు. ద్వీపమునకు పోయినప్పుడు సముద్రమును చూడుడు, కొండలను చూడుడు, పిల్లలను చూడబోకుడు.

వ్యాసము వ్రాసిన ఆ బాలిక ఇప్పుడు కళాశాలలో చదువుచున్నది. ఈ సంచిక ఆమెకు చేరునని నమ్ముచున్నాను. ఆమె ప్రశ్నకు సమాధానము ఆలస్యమైనందుకు క్షమింప వేడుచున్నాను.

ఆలోచింపవలసిన ప్రశ్నలు

1. క్రొత్తవారిని చూచి బిడ్డ దాగుకొనుట ఏల మంచి గుర్తు?
2. ఆశ్రమమునకిచ్చు ద్రవ్యము ఎప్పుడు మేలు, ఎప్పుడు కీడు చేయును?
3. మీ వీధిలో తండ్రియో తల్లియో లేని బిడ్డ ఎవరియొద్ద పెరుగుచున్నది? ఆ యింటికి ఏమి కావలెను?