పింగాణి కప్పు – కాలనిర్ణయం

పల్నాటి సీమలోని వినుకొండలో ఒక పాత ఇంటి అటక సర్దుతుండగా నీలిపూల పింగాణి కప్పు ఒకటి బయటపడిందనుకొందాం. దాని అడుగున ఆరు చైనా అక్షరాలున్నాయి. ఇంటిపెద్ద అది లక్షల విలువ చేస్తుందంటాడు. కొడుకు అది తిరునాళ్లలో కొన్నదంటాడు. పాత సామాను కొనే వ్యాపారి వంద రూపాయలిస్తానంటాడు. ఎవరి మాట నిజం? సమాధానం కప్పులోనే ఉంది. దానిని చదవడం తెలియాలి.

చైనా సరకు తెలుగునేలకు కొత్తది కాదు. కాకతి గణపతిదేవుడు క్రీ.శ. 1244-45లో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించి, విదేశీ వర్తకులకు రక్షణ కల్పించాడు. కొండవీటి రెడ్డిరాజుల కాలంలో చీనాంబరాలు దిగుమతి చేసిన అవచి తిప్పయశెట్టికి శ్రీనాథుడు ‘హరవిలాసం’ అంకితమిచ్చాడు. నెల్లూరు తీరప్రాంతంలోని కొత్తపట్నంలో 13, 14 శతాబ్దాల నాటి చైనా పింగాణి పెంకులు లభించాయి.

మేలైన పింగాణి తెల్లని చీనామట్టితో తయారవుతుంది. దానిని దాదాపు 1300 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలుస్తారు. పలుచని కప్పును వెలుతురుకెదురుగా పట్టుకొంటే వెనుకనున్న వేళ్ల నీడ కనిపిస్తుంది. గోటితో మీటితే కంగుమంటుంది. అయితే ఈ గుణాలు నిన్నటి కప్పుకూ ఉంటాయి. ఇవి జాతిని తెలుపుతాయే కాని వయసును తెలుపవు.

అడుగునున్న అక్షరాలను చూసి పలువురు మోసపోతారు. ఆ ఆరు అక్షరాలు సాధారణంగా రాజవంశాన్ని, చక్రవర్తి పాలనానామాన్ని సూచిస్తాయి. కాని కాంగ్షీ చక్రవర్తి కాలపు (1662–1722) కుమ్మరులు కూడా తమ పాత్రలపై, రెండు వందల ఏండ్ల వెనుకటి చెంగ్‌హువా కాలపు ముద్రను వేశారు. అది మోసం చేయడానికే కాదు, పూర్వుల పనితనంపై గౌరవంతో కూడా. కనుక ముద్ర సాక్ష్యమే గాని తీర్పు కాదు. ‘చైనా’ అని ఆంగ్లాక్షరాలలో ఉంటే మాత్రం ఆ కప్పు సాధారణంగా 1891 తరువాతిదని గ్రహించాలి. దిగుమతి వస్తువులపై దేశం పేరు ఉండాలన్న అమెరికా చట్టం ఆ ఏడాది అమలులోకి వచ్చింది.

నిపుణుడు మొదట కప్పును తిరగేసి, అడుగునున్న కుదురువంటి అంచును చూస్తాడు. అక్కడ పూత ఉండదు. మట్టి స్వభావం బయటపడుతుంది. తరతరాల వాడకం వల్ల కలిగిన అరుగుదల ఒకచోట ఎక్కువగా, ఒకచోట తక్కువగా ఉంటుంది. గరుకు కాగితంతో రుద్దిన అరుగుదల అంతటా ఒకేలా ఉంటుంది. కుంచెతో వేసిన నీలిగీత ఒకచోట చిక్కగా, మరొకచోట పలుచగా సాగుతుంది. అచ్చు వేసిన బొమ్మలో ఆ ఊపిరి ఉండదు. హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియంలో చైనా పింగాణిని శ్రద్ధగా పరిశీలిస్తే కంటికి ఈ తేడాలు అలవడతాయి.

వయసు తేలినంత మాత్రాన విలువ తేలదు. అరుదుదనం, పనితనం, పగుళ్లు లేకపోవడం, చేతులు మారిన చరిత్ర కలిసి ధరను నిర్ణయిస్తాయి. చెంగ్‌హువా కాలపు కోడిబొమ్మల కప్పు ఒకటి ఎనిమిది సెంటీమీటర్ల వెడల్పే ఉంటుంది. 2014లో హాంకాంగ్ వేలంలో అది 28 కోట్ల హాంకాంగ్ డాలర్లకు పైగా పలికింది. కాని అంతకంటె పాతవైన సామాన్య పాత్రలెన్నో స్వల్ప ధరకే అమ్ముడవుతాయి.

ధరకు అందని విలువ మరొకటి ఉంది. తీరాన దొరికిన పెంకును అంగడిలో ఎవరూ కొనరు; కాని ఏ పొరలో, దేని పక్కన దొరికిందో తెలిస్తే అది ఒక రేవు చరిత్రను చెబుతుంది. చోటు తెలియకుండా అమ్ముడైన నిండు కప్పు మూగదవుతుంది. అందుకే భూమిలో దొరికిన నిధిని అధికారులకు తెలపాలని 1878 నాటి చట్టం చెబుతున్నది. వందేండ్లు దాటిన పురావస్తువులను ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు ఎగుమతి చేయడాన్ని 1972 నాటి చట్టం నిషేధించింది.

వినుకొండ ఇంటివారు ముందు చేయవలసినది బేరం కాదు. ఆ కప్పు ఎవరి కాలంలో, ఎక్కడినుండి వచ్చిందో ఇంటి పెద్దలనడిగి రాసిపెట్టుకోవాలి. ఆ జ్ఞాపకం పోతే ఏ నిపుణుడూ తిరిగి తేలేడు.

పదాలు – అర్థాలు
చీనాంబరం : చైనా పట్టువస్త్రం
కుదురు : కుండ కదలకుండా అడుగున ఉంచే చుట్ట
అంగడి : బజారు, దుకాణం

ప్రశ్నలు
1. పింగాణి పాత్రపై ముద్రను మాత్రమే నమ్మి కాలాన్ని నిర్ణయించరాదు. ఎందుకు?
2. ‘చోటు తెలియకుండా అమ్ముడైన నిండు కప్పు మూగదవుతుంది’ – వివరించండి.