గణాచారము – విమర్శ

పంచాచారములలో గణాచారమొకటి. శివనిందను, శరణనిందను సహింపకుండుట దాని లక్షణమని పెద్దలు చెప్పుదురు. పాల్కురికి సోమనాథుని బసవపురాణమునందు నిందకులను కఠినముగా శిక్షించిన భక్తుల కథలును గలవు. వీనిని ఆధారముగా గొని, తమ మతవిశ్వాసమును ఇతరులు విమర్శింపరాదనియు, పరిహసింపరాదనియు కోరుట ధర్మమగునా? ప్రతి లింగధారియు ఆలోచింపదగిన ప్రశ్న యిది.

మొదట బసవేశ్వరుని మార్గమును చూడవలెను. 12వ శతాబ్దమున కల్యాణమునందు ఆయన యజ్ఞములలోని పశుబలిని ప్రశ్నించెను. పుట్టుకనుబట్టి హెచ్చుతగ్గులెంచుటను ఖండించెను. రాతినాగునకు పాలుపోసి, నిజమైన పాము కనబడినంతనే చంపుమనువారి తీరును బయటపెట్టెను. ఆనాటి జనులకు అవి పవిత్ర విశ్వాసములే. విశ్వాసమునకు విమర్శనుండి మినహాయింపు ఉండియుండినచో అనుభవమంటపమే వెలసియుండెడిది కాదు. హరళయ్య కుమారునకు మధువరసుని కుమార్తె నిచ్చి వివాహము చేసినప్పుడు, ధర్మమునకు అపచారము జరిగెనను కేక పుట్టెను. బిజ్జలుడు ఆ తండ్రులిరువురకును మరణదండన విధించెనని సంప్రదాయము చెప్పుచున్నది. నొచ్చిన మనస్సు దండమును చేతబట్టినచో ఏమగునో శరణుల చరిత్రయే సాక్షి.

తనకల్లు వారికి దగ్గరి నిదర్శనము వేమన. ఆయన సమాధి కదిరి ప్రాంతమునందలి కటారుపల్లెలో నున్నది. వేమన విగ్రహారాధనను, కులగర్వమును, కపట సన్న్యాసమును ఎగతాళి చేసెను. శీలములేని లింగధారులను కూడ విడువలేదు. ఐనను ఆ పద్యములను పిల్లలు నేటికిని వల్లించుచున్నారు. 1829లో సి.పి. బ్రౌన్ వానిని ఆంగ్లానువాదముతో అచ్చు వేయించెను. ఆ పరిహాసమువలన నిజభక్తుని ఇష్టలింగమునకు లోటు కలుగలేదు; ఉలికిపడినవాడు కపటియే. రాతికి మ్రొక్కువారిని చూచి నవ్విన ఆ యోగి సమాధికే నేడు జనులు మ్రొక్కుచున్నారు. ఎగతాళి భక్తిని చంపలేదనుటకు ఇంతకంటె నిదర్శనమేల?

ఐనచో ఏ మాటయైనను చెల్లునా? చెల్లదు. విశ్వాసమును విమర్శించుట వేరు. విశ్వాసము గల మనుజుని అవమానించి అతనిపైకి జనమును ఉసికొల్పుట వేరు. చట్టమును ఈ భేదమును పాటించుటకు యత్నించినది. 1927లో శిక్షాస్మృతిలో చేర్చబడిన 295-ఎ సెక్షను ఉద్దేశపూర్వకమైన, ద్వేషబుద్ధితో కూడిన అవమానమునకే వర్తించునని 1957లో సుప్రీంకోర్టు వివరించెను. 2024 జులై 1 నుండి భారతీయ న్యాయసంహితలోని 299వ సెక్షను ఆ స్థానమున నున్నది.

తమ యింటి సంగతియు మరువరాదు. వచన సాహిత్యమును పరిశోధించి ప్రకటించిన ఎం.ఎం. కల్బుర్గి, బసవేశ్వరుని కుటుంబమును గురించి వ్రాసిన వ్యాసములపై లింగాయతులలోనే ఆగ్రహము చెలరేగగా, 1989లో తన మాటలను ఉపసంహరించుకొనవలసి వచ్చెను. 2015 ఆగస్టు 30న ధారవాడలో తన యింటనే ఆయన తుపాకితో కాల్చి చంపబడెను. ఆ పాత వివాదమునకును ఈ హత్యకును ముడిపెట్టుట న్యాయము కాదు. కాని పండితుని మాటకు ప్రమాణములతో బదులు చెప్పక, బలవంతముగా నోరు మూయించుట శరణమార్గము కాదని మాత్రము ఒప్పుకొనక తప్పదు.

గణాచారమునకు తోడు భృత్యాచారమును కలదు. శరణులకు సేవకుడనను వినయమే అది. ఈ రెండును కూడినప్పుడే ఆచారము పూర్ణమగును. విమర్శ వినబడినప్పుడు అది నిజమా యని చూచుకొనవలెను. నిజమైనచో దిద్దుకొనవలెను, అబద్ధమైనచో ఆధారములతో ఖండింపవలెను, వట్టి వెక్కిరింత యైనచో ఆ చోటు విడిచి లేచిపోవలెను. అరచేత నున్న లింగమునకు ఇతరుల నవ్వు తగులదు. దానికి తగులునది దానిని ధరించిన వాని దుర్నడతయే.