మీట లేని గమకం

తార్నాక,
ఆదివారం సాయంత్రం

చిట్టితల్లికి,

హాస్టల్లో చలికి గొంతు జాగ్రత్తగా చూసుకుంటున్నావనుకుంటాను.

అమ్మమ్మ పాటల పుస్తకాన్ని టాబ్లెట్‌లో స్వరపరిచి భద్రం చేస్తానని నువ్వు ఫోన్‌లో చెప్పినప్పటి నుంచీ నా మనసంతా దాని మీదే ఉంది. ఏ యాప్ మంచిది, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగావు. ఫోన్‌లో చెప్తే సగం గాలికి పోతుందని రాస్తున్నాను.

ఆ పుస్తకంలో ఏముందో నీకు తెలుసు. మంగళహారతులు, లాలి పాటలు, నాలుగైదు త్యాగరాజ కీర్తనలు, ఒకటి రెండు క్షేత్రయ్య పదాలు. సాహిత్యం పూర్తిగా ఉంది. కొన్నిటి పైన రాగం పేరూ తాళం పేరూ ఉన్నాయి. స్వరం మాత్రం ఒక్కటీ లేదు. మన ఇళ్లలో ఆడవాళ్లు రాసుకున్న పాటల పుస్తకాలు చాలావరకు ఇలాగే ఉంటాయి. వరుస నోట్లో ఉన్నంతకాలం దాన్ని కాగితం మీద పెట్టాల్సిన అవసరం వాళ్లకి కనిపించలేదు. ఇప్పుడు అమ్మమ్మకి ఊపిరి నిలవటం లేదు. పల్లవి అందుకుంటుంది, చరణం దగ్గర ఆగిపోతుంది. ఈ పని ఇప్పుడు చెయ్యకపోతే ఇక ఎప్పటికీ కాదు. నువ్వు పూనుకున్నందుకు నాకెంత నిండుగా ఉందో మాటల్లో పెట్టలేను.

అందుకే ముందుగా ఒక్క మాట గట్టిగా చెప్తాను. యాప్ మనకి కొన్ని మీటలు ఇస్తుంది. వేలు వాటి మీదకే పోతుంది. నాలుగు రోజులు గడిచేసరికి, మీట ఉన్నదంతా రాసి మీట లేనిదాన్ని వదిలేయడం అలవాటవుతుంది. అమ్మమ్మ పాటకి ప్రాణమంతా ఆ వదిలేసేదానిలోనే ఉంది.

ఈ చిక్కు యాప్‌లతో కొత్తగా వచ్చింది కాదు. 1890లలో మద్రాసులో ఎ.ఎం. చిన్నస్వామి ముదలియార్ అనే ప్రభుత్వోద్యోగి మన కృతుల్ని పాశ్చాత్యుల స్టాఫ్ నొటేషన్‌లో అచ్చు వేయడానికి తన డబ్బూ ఆరోగ్యమూ ధారపోశారు. చూపు దెబ్బతిన్నా పని ఆపలేదు. ముత్తుస్వామి దీక్షితుల కృతుల కోసం ఆయన ఎట్టయపురం ఆస్థాన విద్వాంసులు సుబ్బరామ దీక్షితుల్ని ఆశ్రయించారు. సుబ్బరామ దీక్షితులకి తెలిసినదంతా లోకానికి దక్కాలని ఎట్టయపురం రాజావారిని బతిమాలారు. ఆ పట్టుదల వల్లే సుబ్బరామ దీక్షితులు కలం పట్టారు. 1904లో ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ వెలువడింది. దాదాపు 1700 పేజీలు. తమిళదేశంలో అచ్చయినా అది తెలుగు పుస్తకం. అప్పటికి సుబ్బరామ దీక్షితుల వయసు 65. ఇంకో రెండేళ్లకే కన్నుమూశారు.

ఆ పుస్తకం ఎప్పుడైనా తెరిచి చూడు. స రి గ మ లు రాయడంతో ఆయన ఆగిపోలేదు. కంపితం, స్ఫురితం, ప్రత్యాఘాతం, నొక్కు, రవ, ఖండింపు, వళి, జారు, ఒదిగింపు, ఓరిక అంటూ ప్రతి గమకానికీ ఒక గుర్తు ఏర్పాటు చేసి, ఆ గుర్తుల్ని స్వరాల మీద వేశారు. కంపోజింగు గదిలో ఒక్కో అక్షరం చేత్తో పేర్చే రోజుల్లో అది ఎంత చాకిరో ఊహించుకో. మామూలు స్వరలిపితో సరిపెట్టుకుంటే పని సగానికి సగం తగ్గేది. ఆయన తగ్గించుకోలేదు కాబట్టే ఆ కృతుల నడక మనకి కంటికి కనిపిస్తోంది. నువ్వు టాబ్లెట్ ముందు కూర్చున్నప్పుడు ఆయన్ని తలుచుకోవాలని నా కోరిక.

ఇప్పుడు అసలు పని. స్టాఫ్ వద్దు, తెలుగు స్వరలిపి చాలు అనే పట్టు నాకు లేదు. ఇఫ్లూ విశ్వవిద్యాలయంలో చదివే నీ స్నేహితురాలికి తెలుగు రాదు కానీ స్టాఫ్ చదువుతుందన్నావు. అటువంటివాళ్లు అమ్మమ్మ లాలి పాడగలిగితే అంతకన్నా ఏం కావాలి? స్టాఫ్‌లోనే రాయి. దాని కింద సాహిత్యం రాసే చోట మొదటి వరుసలో తెలుగు స్వరాలు, రెండో వరుసలో సాహిత్యం పెట్టు. ఇలా చేస్తే ఇంకో లాభం ఉంది. తెలుగు అక్షరం పైనా కిందా స్థాయి చుక్కలు పెడితే చాలా ఫాంట్లలో అవి పక్కకి జరిగిపోతాయి. పైన స్టాఫ్ ఉంది కాబట్టి మంద్రమో తారమో అదే చెప్తుంది, చుక్కలతో కుస్తీ అక్కర్లేదు. సాహిత్యాన్ని అక్షరం అక్షరంగా విడగొట్టేటప్పుడు సంయుక్తాక్షరాన్ని చీల్చకు. పీడీఎఫ్ తీశాక ఒత్తులు విడిపోయాయేమో ప్రతి పేజీ చూడు.

ఈ యాప్‌లు పాశ్చాత్య సంగీతం కోసం పుట్టినవి. కొత్త పేజీ తెరవగానే కీ సిగ్నేచర్ అడుగుతాయి. షడ్జమం సి దగ్గర ఉంచితే, సిద్ధంగా ఉన్న కీ సిగ్నేచర్లలో మన 72 మేళాల్లో ఆరే ఇముడుతాయి: హనుమతోడి, నటభైరవి, ఖరహరప్రియ, హరికాంభోజి, ధీరశంకరాభరణం, మేచకల్యాణి. మిగిలిన 66 మేళాల్లో ఒక్కటీ ఇమడదు. సరళీ వరుసలు నేర్చుకున్న మాయామాళవగౌళనే చూడు. దానికి రి, ద లు ఫ్లాట్. రెండు ఫ్లాట్లే కదా అని ఆ కీ ఎంచుకుంటే యాప్ వాటిని ని మీదా గ మీదా పెడుతుంది. రాగమే మారిపోతుంది. కస్టమ్ కీ సిగ్నేచర్ అనే సౌకర్యం ఉన్న యాప్ ఎంచుకో, అది లేకపోతే ఆ యాప్ మనకి పనికిరాదు. మరో జాగ్రత్త: నాట రాగంలో షట్‌శ్రుతి రిషభాన్ని డి షార్ప్ అని రాయాలి. ఇ ఫ్లాట్ అన్నా ధ్వని ఒకటే, యాప్ ఏమీ అనదు. కానీ పేజీ మీద రిషభం మాయమై రెండు గాంధారాలు నిలబడతాయి.

షడ్జమం సి లో రాయమన్నాను కదా అని అమ్మమ్మ శ్రుతి మరిచిపోవద్దు. పేజీ తలభాగంలో ‘శ్రుతి: నాలుగున్నర కట్టె’ అని వేరుగా రాయి.

తాళం సంగతి. ఆది తాళానికి ఎనిమిది అక్షరాలకీ ఒకే గడి పెట్టి, లోపల నాలుగు, రెండు, రెండుగా చుక్కల గీతలు వెయ్యి. మిశ్రచాపుకి మూడు, రెండు, రెండు. పాట తాళం తర్వాత ఎత్తుకుంటే, అంటే అనాగతమైతే, ముందున్న ఖాళీని విశ్రాంతి గుర్తుతో నింపు. అయితే లాలి పాటల్లో అమ్మమ్మ ఒకచోట సాగదీస్తుంది, ఒకచోట తొందరపడుతుంది. అక్కడ యాప్ లెక్క సరిపోలేదని ఎర్రగా చూపిస్తే, లెక్క కోసం పాటని కత్తిరించకు. ఆ స్వరం మీద నిలుపు గుర్తు పెట్టి, ‘ఇక్కడ ఆగి పాడాలి’ అని పైన మాటల్లో రాయి.

ఇక గమకాలు. తోడి గాంధారాన్ని ఇ ఫ్లాట్ అని రాసి ప్లే నొక్కి చూడు. కదలకుండా మోగుతుంది. ఆ గాంధారం రిషభ మధ్యమాల మధ్య ఊగితేనే తోడి అవుతుందని నీ చెవికి తెలుసు. కాబట్టి ఆ స్వరం మీద అలల గీత వెయ్యి. జారుకి ఏటవాలు గీత వెయ్యి, ఎక్కుతోందో దిగుతోందో తేడా తెలిసేలా. ఇవి రెండూ చాలా యాప్‌లలో ట్రిల్, గ్లిసాండో పేర్లతో ఉంటాయి. వాటి ధ్వనిని మాత్రం ఆపెయ్యి, మన కంపితం వాళ్ల ట్రిల్ ఒకటి కావు. మిగతా గమకాలకి సుబ్బరామ దీక్షితుల గుర్తుల పద్ధతిలోనే స్టైలస్‌తో గీసుకో. మొదటి పేజీలో ఏ గుర్తు దేనికో పట్టిక ఉండాలి. గుర్తుకి కూడా అందని చోట పూర్తి వాక్యం రాయి. పేజీ నిండిపోతుందని, అందం చెడుతుందని సంకోచించకు.

ప్లే మీటని గురువుగా చేసుకోవద్దని నిన్ను వేడుకుంటున్నాను. లయ తప్పిందేమో, ఎక్కడైనా స్వరం పొరపాటున పైగడిలో పడిందేమో చూసుకోవడానికి అది మంచిదే. కానీ అదే పనిగా వింటే ఆ చదునైన ధ్వని చెవిలో కూర్చుంటుంది, తర్వాత అమ్మమ్మ పాడితే తప్పుగా వినిపిస్తుంది. రాసే ముందు పాడు. పొద్దున హాస్టల్ నుంచి ఆర్ట్స్ కాలేజీ దాకా నడుస్తావు కదా, ఆ దారిలో ఒక్క చరణం తీసుకుని, చేత్తో తాళం వేస్తూ పాడుకో. నడక కాలప్రమాణాన్ని నిలబెడుతుంది. అది నోటికి వచ్చాకే టాబ్లెట్ తెరువు.

అన్నిటికన్నా ముందు రికార్డింగ్. మన ఇంట్లో రికార్డ్ చెయ్యాలంటే ఉదయం ఆరులోపే చెయ్యాలి. ఆ తర్వాత తార్నాక చౌరస్తా మోత మొదలవుతుంది. అమ్మమ్మ గొంతూ అప్పుడే తేటగా ఉంటుంది. ఒక్కో పాట రెండు వేర్వేరు రోజుల్లో పాడించు. రెండుసార్లూ ఒకేలా పాడదు. ఒకటి ప్రధాన పాఠంగా పెట్టుకుని, రెండోదాన్ని పాఠాంతరంగా కింద ఇవ్వు. త్యాగరాజ కీర్తన అచ్చు పుస్తకంలో ఇంకోలా ఉందని అమ్మమ్మ వరుసని దిద్దకు. ఈ విషయంలో నేను ఎవరితోనైనా వాదిస్తాను. అచ్చు పాఠం గ్రంథాలయాల్లో దొరుకుతుంది. అమ్మమ్మ తన అత్తగారి దగ్గర నేర్చిన సంగతి ఇంకెక్కడా దొరకదు.

ఏ యాప్ అన్న ప్రశ్నకి వస్తాను. మ్యూజ్‌స్కోర్ ఉచితం, పూర్తి సౌకర్యాలు కంప్యూటర్ మీద ఉంటాయి. స్టైలస్‌తో గీసిన నోట్లని అచ్చు నోట్లుగా మార్చే స్టాఫ్‌ప్యాడ్ టాబ్లెట్‌కి చక్కగా సరిపోతుంది, డబ్బు పెట్టాలి. నన్నడిగితే చిత్తుప్రతి టాబ్లెట్‌లో, సాపు ప్రతి లాప్‌టాప్‌లో చెయ్యి. ఏది వాడినా ఫైల్‌ని మూడు రూపాల్లో దాచు: యాప్ సొంత ఫైల్, పీడీఎఫ్, మ్యూజిక్‌ఎక్స్‌ఎంఎల్. ఈ మూడోది ఒక యాప్‌లో రాసినదాన్ని మరో యాప్ చదవడానికి ఉన్న ఉమ్మడి రూపం. ప్రపంచమంతా వాడిన ఫినాలె అనే సాఫ్ట్‌వేర్‌ని 35 ఏళ్ల తర్వాత 2024 ఆగస్టులో ఇక అభివృద్ధి చెయ్యబోమని ప్రకటించారు. దాని ఫైళ్లలో జీవితకాలపు పని పెట్టుకున్నవాళ్లు ఎందరో. మ్యూజిక్‌ఎక్స్‌ఎంఎల్ తీసి పెట్టుకున్నవాళ్లకి దిగులు తగ్గింది. చివరగా ఒక ప్రతి ముద్రించి బైండు చేయిద్దాం, తార్నాకలో ఆ పని చేసే దుకాణాలకి కొదవ లేదు.

టాబ్లెట్ ముందు పెట్టుకుని వేదిక మీద పాడటం గురించి కూడా అడిగావు. సాధనకి సరే. కచేరీకి నేను ఒప్పుకోను. కుడిచెయ్యి తాళంలో ఉంటుంది, కళ్లు తెరలో ఉంటాయి, మృదంగం వైపు చూసేదెవరు?

ప్రతి పాట చివర ఈ వివరాలు తప్పకుండా రాయి: పాడినవారు, ఎవరి దగ్గర ఏ ఊళ్లో నేర్చుకున్నారు, రికార్డ్ చేసిన తేదీ, స్వరపరిచినవారు. పుస్తకంలో రాగం పేరు లేని పాటకి నీ ఊహ రాయాలనిపిస్తే, అది నీ ఊహ అని కూడా రాయి.

తోడి కీర్తనతో మొదలుపెట్టకు, కష్టం. ఉయ్యాల పాట తీసుకో, ఆనందభైరవిలో ఉన్నది. వరుస చిన్నది, అమ్మమ్మ ఆగకుండా పాడగలదు. శనివారం రాత్రికే ఇక్కడికి వచ్చెయ్యి, ఆదివారం తెల్లవారుజామున రికార్డ్ చేద్దాం. తంబుర యాప్ నాలుగున్నర కట్టెలో పెట్టి ఉంచుతాను. నీ స్నేహితురాలికి వీలైతే తననీ తీసుకురా, నువ్వు రాసినదాన్ని చూసి తను పాడితే ఎక్కడ ఏం వదిలేశామో మనకి వెంటనే తెలుస్తుంది.

ప్రేమతో,
పెద్దమ్మ