లిండెన్ చెట్టు పెంచేవారికి నాలుగు మాటలు

1. కొట్టడానికి జంకకండి. న్యూజెర్సీలో మా అబ్బాయి పెరట్లో ఉన్న లిండెన్‌ను వదిలేస్తే అరవై అడుగులకు పోతుంది. అంత ఎత్తున ఉన్న ఆకు కోసుకు తినడానికి ఎవరికి అందుతుంది? నాటిన మూడు నాలుగేళ్లకు వేరు కుదురుకుంటుంది. అప్పుడు చలికాలం చివర, మొగ్గ కదలకముందే మోకాలెత్తున నరికెయ్యండి. మన మునగను కొట్టినట్టే. మోడు చుట్టూ గుబురుగా చిగుళ్లు లేస్తాయి.

2. ఆకు లేతగా ఉండగానే కోయండి. ఎండకు ఎదురుగా పట్టుకుంటే అవతలి వేలు మసకగా కనబడాలి. ముదిరితే నమల్లేం. బెండ, గోంగూరల కుటుంబమే కాబట్టి నోట్లో కాస్త జిగురు తగులుతుంది. గోంగూర పులుపు మాత్రం లేదు. అందుకే పప్పులో వేస్తే చింతపండు తప్పదు, ఆకు మాత్రం పప్పు దించే ముందు వెయ్యాలి. మా కోడలు పచ్చి ఆకునే సాండ్‌విచ్‌లో పెట్టుకుంటుంది. నిజం చెప్పొద్దూ, నా పప్పుకన్నా అదే బాగుంటుంది.

3. పువ్వులు కావాలంటే ఇంకో చెట్టును నరక్కుండా ఉంచుకోండి. ఏటా మోడు చేసేది పూయదు. పూలగుత్తి కాడకు నాలుకలా పలచటి లేతాకుపచ్చ రెక్క అంటుకుని ఉంటుంది. పూలు విచ్చగానే ఆ రెక్కతో సహా తుంచి నీడలో ఆరబెట్టండి. జర్మనీ, ఫ్రాన్సుల్లో జలుబు చేస్తే ఈ ఎండు పూల కషాయం తాగుతారు. మన మిరియాల కషాయం ఘాటు ఆశించకండి.

4. పూత మీద మందు కొట్టకండి. లిండెన్‌కు పేనుబంక పడుతుంది, కింద పెట్టిన కారంతా జిడ్డవుతుంది. కారును పక్కకు జరపండి, అంతే. 2013 జూన్‌లో ఒరెగాన్ రాష్ట్రం విల్సన్‌విల్‌లో ఆ పేనుబంక కోసమే ఒక పార్కింగ్ స్థలంలో పూసి ఉన్న లిండెన్‌లకు డైనోటెఫ్యురాన్ అనే పురుగుమందు కొట్టారు. సుమారు 50,000 తుమ్మెదలు చచ్చి రాలాయి. తర్వాత ఆ రాష్ట్రం లిండెన్‌ల మీద ఆ కోవ మందులు వాడకూడదని నిషేధం పెట్టింది. తినే ఆకు మీద మనకు మాత్రం ఆ మందు ఎందుకు?

5. జపాన్ పెంకుపురుగుకు లిండెన్ అంటే మహా ఇష్టం. అమెరికాలో అది 1916లో మొదట కనబడింది కూడా ఈ న్యూజెర్సీలోనే. ఈనెలు మిగిల్చి ఆకంతా తినేస్తుంది. పొద్దున్నే చల్లటివేళ మందకొడిగా ఉంటుంది. సబ్బునీళ్ల డబ్బా కింద పట్టి కొమ్మ తట్టండి, టపటపా పడతాయి.

6. కంచె ఎనిమిది అడుగులు వేయించండి. ఆరడుగులను జింకలు లెక్కచేయవు.