కాఫీ తోట – ఆకాశంలో కన్ను

పాడేరు, అరకు కొండల్లో గిరిజన కుటుంబాలు కాఫీ పండిస్తాయి. పెద్ద చెట్ల నీడలో కాఫీ మొక్కలు పెరుగుతాయి. సిల్వర్ ఓక్ చెట్లకు మిరియాల తీగ పాకుతుంది. పండ్లు కోసేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ.

మన దేశం కాఫీ ఇటలీ, జర్మనీ వంటి యూరప్ దేశాలకు పోతుంది. ఆ దేశాలు కలిసి 2023లో ఒక చట్టం చేశాయి. 2020 డిసెంబరు 31 తరువాత అడవి నరికి వేసిన తోటల కాఫీని అక్కడ అమ్మకూడదు. పెద్ద కంపెనీలకు ఈ చట్టం అమలు తేదీ 2026 డిసెంబరు 30.

ఎందుకీ చట్టం? అడవి పోతే గెడ్డలు ఎండుతాయి. కొండ మట్టి కొట్టుకుపోతుంది.

తోట ఎక్కడుంది?

కాఫీ ఏ తోటలో పండిందో కంపెనీ చూపాలి. అందుకే రైతును అడుగుతుంది. తోట గుర్తు అంటే రెండు సంఖ్యలు. సెల్‌ఫోను వాటిని చూపుతుంది. అరకు ఊరిలో మొదటిది 18తో, రెండోది 82తో మొదలవుతుంది. నాలుగు హెక్టార్ల లోపు తోటకు ఒక్క గుర్తు చాలు. అంటే సుమారు పది ఎకరాలు. అంతకు మించితే హద్దు చుట్టూ గుర్తులు తీయాలి.

గుర్తు తీసేటప్పుడు తోటలోనే నిలబడాలి. ఇంటి దగ్గర తీస్తే ఇంటి గుర్తే పడుతుంది. పక్క తోటలో తీస్తే వాళ్ల తప్పు మన మీద పడుతుంది.

యంత్రం ఎలా చూస్తుంది?

ఉపగ్రహాలు ఆకాశం నుంచి ఫొటోలు తీస్తాయి. యూరప్ వాళ్ల సెంటినెల్-2 ఉపగ్రహాలు అయిదు రోజులకోసారి అదే చోటును తీస్తాయి. అన్ని ఫొటోలు మనుషులు చూడలేరు. కంప్యూటరు చూస్తుంది. ఇది అడవి, ఇది తోట, ఇది పొలం అని ముందే వేల ఫొటోలు చూపి దానికి నేర్పుతారు. దీన్నే కృత్రిమ మేధ అంటారు. ఏఐ అని కూడా అంటారు. అది 2020 నాటి ఫొటోనూ తరువాతి ఫొటోనూ పోల్చి, చెట్లు పోయిన చోటు చెబుతుంది.

యంత్రం పొరబడదా?

పొరబడుతుంది. పై నుంచి చెట్ల కొమ్మలే కనబడతాయి. కింద కాఫీ కనబడదు. అందుకే తోటను అడవి అనుకోవచ్చు. తరువాత రైతు నీడ తగ్గించడానికి కొమ్మలు కొట్టిస్తే, "అడవి నరికారు" అనవచ్చు. చెట్ల నీడన సాగు చేసే తోటను ఆ చట్టం అడవిగా లెక్కించదు. కానీ యంత్రం మాటే చివరి మాట అయితే ఆ కాఫీ యూరప్‌కు పోదు. తప్పు యంత్రానిది. నష్టం రైతుది.

అలా జరిగితే ఊరుకోకూడదు. "మనిషి వచ్చి తోట చూడాలి" అని అడగాలి. పట్టా, మొక్కలు తీసుకున్న నాటి కాగితం, అమ్మిన రశీదులు, తోట ఫొటోలు చూపాలి. ఇవే మనకు సాక్ష్యాలు.

2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం, పెళ్లయినవాళ్లకు పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఇవ్వాలి. వేలిముద్ర వేసిన కాలం పోయింది. ఇప్పుడు చదవడం వచ్చింది. పట్టా తీసి చదవాలి.

చెప్పండి

1. తోట గుర్తు ఎక్కడ నిలబడి తీయాలి?
2. నీడ తోటను యంత్రం అడవి అని ఎందుకు అనుకుంటుంది?
3. మీ ఇంట్లో భూమి కాగితాలు ఎవరి దగ్గర ఉన్నాయి? వాటిలో మీ పేరు ఉందా?

చేయండి

మీ దగ్గరున్న రశీదులను తేదీల వరుసలో పేర్చండి. ఏటేటా ఎంత అమ్మారో నోటు పుస్తకంలో రాయండి.