బల్లకు వైద్యం అయింది – మళ్లీ స్కానింగ్ ఎందుకు?

కాలేయ జబ్బుతో బాధపడేవారి ఇంటివారు తరచు అడిగే మాట ఇది. "హైదరాబాదు పోయి బల్లకు వైద్యం చేయించినం, ఇంకా ఈ స్కానింగులు దేనికి?" అడగవలసిన ప్రశ్నే.

బల్ల అంటే ఉబ్బిన ప్లీహం. ఇది ఎడమ ప్రక్కటెముకల క్రింద ఉంటుంది. పెద్దవారిలో దీని పొడవు సాధారణంగా 12 సెంటీమీటర్లు దాటదు. దీనిలోని రక్తం పోర్టల్ సిర ద్వారా కాలేయంలోకి పోవాలి. సారా వలన గాని, హెపటైటిస్ బి, సి వలన గాని కాలేయం గట్టిపడితే, సదర్మాట్ ఆనకట్ట వెనుక గోదావరి నీరు నిలిచినట్లు రక్తం వెనుక నిలిచిపోతుంది. ప్లీహం ఉబ్బి, రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్లేట్‌లెట్లను తనలోనే పట్టి ఉంచుకుంటుంది. 1,50,000 పైన ఉండవలసినవి 50,000 కంటే తక్కువకు పడిపోవచ్చు. (మన గూడేలలో మలేరియా వలన, పిల్లలలో సికిల్ సెల్ జబ్బు వలన కూడా బల్ల పెరుగుతుంది. వాటి వైద్యం వేరు. ఏ బల్లకైనా వాతలు పెట్టించడం మాత్రం వైద్యం కాదు.)

ఈ వైద్యం అందరికీ అవసరముండదు. అవసరమైనవారికి గజ్జలోని ధమని గుండా సన్నని గొట్టం పంపి, ప్లీహానికి రక్తం తెచ్చే కొమ్మలు కొన్నింటిని మూసివేస్తారు. దీనిని ఎంబోలైజేషన్ అంటారు. సగమో, అంతకు కొంచెం ఎక్కువో ఎండిపోతుంది. మిగిలిన భాగం అంటురోగాలతో పోరాడడానికి మనకు కావాలి, అందుకే అంతా మూయరు.

తరువాత తీసిన స్కానింగ్‌లో ప్లీహంలో నల్లని మచ్చ కనబడితే కంగారు పడకండి. ఎండిన భాగం అలాగే కనబడుతుంది. కొలత కూడా వెంటనే తగ్గదు, వారాలు, నెలలు పడుతుంది. "ఇంకా 16 ఉంది, డబ్బులు దండగ" అనుకొని వైద్యం మానేయడం పెద్ద పొరపాటు. డాక్టరు ముఖ్యంగా చూసేది వేరు. ఎండిన చోట చీము పట్టిందా? పోర్టల్ సిరలో రక్తం గడ్డకట్టిందా? రంగులు కనబడే డాప్లర్ స్కానింగ్‌లో సిరలోని రక్త ప్రవాహం తెలుస్తుంది. గడ్డను తొందరగా కనిపెడితే మందులతో కరిగించే అవకాశం ఎక్కువ. కొన్ని పెద్ద ఆసుపత్రులలో చేతి నరంలోకి అతి చిన్న వాయు బుడగల మందు ఎక్కించి స్కాన్ చేస్తారు. బ్రతికిన భాగం మెరుస్తుంది, ఎండినది నల్లగానే ఉంటుంది. ఆ వాయువు ఊపిరితో బయటికి పోతుంది.

స్కానింగ్ ప్లేట్‌లెట్లను లెక్కపెట్టలేదు. కాబట్టి రక్త పరీక్ష కూడా చేయించాలి. అన్నవాహికలో ఉబ్బిన నరాలు చూడాలంటే ఎండోస్కోపీ కావాలి. కాలేయం గట్టిపడినవారికి, క్యాన్సర్ గడ్డను ముందే కనిపెట్టడానికి, 6 నెలలకొకసారి పొట్ట స్కానింగ్ ఎలాగూ తప్పదు.

వైద్యం తరువాత కొన్ని రోజులు జ్వరం, ఎడమ ప్రక్క నొప్పి మామూలే. కాని తగ్గిన జ్వరం చలితో తిరిగి వచ్చినా, పొట్ట ఉబ్బినా, ఆయాసం వచ్చినా, రక్తం కక్కినా, విరేచనం నల్లగా అయినా స్కానింగ్ తేదీ కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

స్కానింగ్‌కు ముందు 6 గంటలు ఏమీ తినకూడదు. మాత్రలు మానవలసి ఉంటుందేమో డాక్టరును అడగండి. పాత రిపోర్టులన్నీ వెంట తెండి, వాటితో పోల్చి చూస్తేనే మార్పు తెలుస్తుంది. స్కానింగ్ బొమ్మల కాగితం వేడికి వెలిసిపోతుంది, పొయ్యి దగ్గర, రేకుల క్రింద పెట్టకండి. తీసిన వారంలోనే జిరాక్స్ చేయించి ఉంచుకోండి.