ఎరువు తెచ్చిన వస్తువు - విద్యార్థి ధర్మము

పరుల వస్తువును కొంతకాలము వాడుకొని తిరిగి యిచ్చుట లోకమున అతి సామాన్యమైన విషయము. పొరుగింటినుండి నిచ్చెన తెచ్చుకొందురు. గ్రంథాలయమునుండి పుస్తకము తెచ్చుకొందురు. శుభకార్యమునకు పెద్ద వంటపాత్రలు తెచ్చుకొందురు. తెచ్చుకొనునప్పుడు అందరును వినయవంతులే. తిరిగి యిచ్చునప్పుడే కొందరి ముఖము వేరుగా నుండును. ఈ రెంటికిని నడుమ గల కాలములో, వస్తువు తన చేతిలో నుండి, సొంతదారు కంటికి కనబడనప్పుడు, మనుష్యుడు ఎట్లు ప్రవర్తించునో దానినిబట్టి అతని శీలము తెలియును. ఎరువు సొమ్ము బరువు చేటని మన పెద్దలు సామెత చెప్పిరి. ఆ బరువు వస్తువునకు సంబంధించినది కాదు. దాని వెంట వచ్చు నమ్మకమునకు సంబంధించినది.

నేడు ఈ పాత ధర్మము ఒక క్రొత్త వస్తువు విషయమున పరీక్షకు వచ్చినది. అది పాఠశాలవారు విద్యార్థికి ఎరువిచ్చు కంప్యూటరు. 2020 మార్చిలో దేశమంతట పాఠశాలలు మూతపడగా, పాఠమే విద్యార్థి యింటికి రావలసి వచ్చెను. ఒకే ఫోను గల యిండ్లలో పిల్లలు వంతులు వేసికొని చదివిరి. తండ్రి ఆ ఫోనును పనికి తీసికొని పోయిన దినమున పాఠమే లేదు. అప్పటినుండి విద్యార్థి చేతికి ఒక యంత్రము కావలెనను భావము బలపడినది. తమిళనాడు ప్రభుత్వము 2011లోనే విద్యార్థులకు ల్యాప్‌టాపులు పంచుట ప్రారంభించియుండెను. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2022 డిసెంబరులో తన పాఠశాలలలోని 8వ తరగతివారికి టాబ్లెట్లు పంచెను. అమెరికాలోని మెయిన్ రాష్ట్రమున 2002లో 7వ తరగతి విద్యార్థులకు పాఠశాలల ద్వారా ల్యాప్‌టాపులు సమకూర్చిరి. ఇట్టి యంత్రములలో పూర్తిగా ఇచ్చివేయునవి కొన్ని. చదువు ముగియగానే తిరిగి పుచ్చుకొను నియమముపై ఇచ్చునవి మరికొన్ని. ఈ రెండవ విధమైన వానిని గూర్చియే ఇచట విచారింతము.

1. వస్తువు ఎవరిది?

పరుల సొత్తు తన చేత నున్నవాని బాధ్యతను గూర్చి మన ధర్మశాస్త్రములు శ్రద్ధతో చర్చించినవి. మనుస్మృతి చెప్పిన 18 వ్యవహారపదములలో ఋణము తరువాత రెండవది నిక్షేపమే. ఇప్పటి చట్టమునందును ఈ భావము నిలిచియున్నది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టములోని 151వ సెక్షను ప్రకారము, ఇతరుల వస్తువును తన యధీనమున నుంచుకొన్నవాడు, సామాన్య వివేకము గలవాడు తన సొంత వస్తువును ఎంత జాగ్రత్తగా చూచుకొనునో అంత జాగ్రత్త దానియెడ చూపవలెను. ఒప్పుకొన్న షరతులకు భిన్నముగా వాడి నష్టము కలిగించినచో, ఆ నష్టమునకు అతడే బాధ్యుడని 154వ సెక్షను చెప్పుచున్నది.

18 సంవత్సరములు నిండనివాడు కాంట్రాక్టు చేసికొనజాలడు. కావుననే పాఠశాలవారి కాగితముపై తల్లిదండ్రులు సంతకము చేయుదురు. పెక్కుచోట్ల ఆ కాగితమును చదువక యే సంతకము చేయుట కలదు. అది తగదు. తల్లియో తండ్రియో ఆ నియమములను బిడ్డను దగ్గర కూర్చుండబెట్టుకొని చదువవలెను. చదువురాని తలిదండ్రులైనచో బిడ్డచే చదివించుకొని వినవలెను. చట్టము పెద్దలను కట్టును. బిడ్డను కట్టునది అతడు అర్థము చేసికొని యిచ్చిన మాట మాత్రమే.

2. యంత్రమును కాపాడుట

వస్తురక్షణకు సంబంధించిన నియమములు చిన్నవిగా కనబడును. కాని ప్రతి నియమము వెనుకను ఒక కారణము గలదు. కారణము తెలిసినచో నియమము భారము కాదు.

ల్యాప్‌టాపు మూత వేయుటకు ముందు అక్షరములపై పెన్సిలుగాని, చెవిలో పెట్టుకొను తీగగాని ఉన్నదేమో చూడవలెను. తెర పగులుటకు తరచుగా అదియే కారణము. తెరను పట్టుకొని ఎత్తరాదు; అడుగుభాగమును రెండు చేతులతో పట్టుకొనవలెను. పరుపుమీదను దుప్పటిమీదను ఉంచి పని చేయరాదు. గాలి పోవు రంధ్రములు మూసికొనిపోయి లోపల వేడి పెరుగును. ఎండలోను, నిలిపియుంచిన వాహనములోను వదలరాదు. వేడివలన బ్యాటరీ చెడును. ఉరుములు మెరుపులు వచ్చునప్పుడు చార్జరును గోడనుండి తీసివేయవలెను. అన్నము తినుచు, టీ త్రాగుచు వాడరాదు. నీరు పడినచో వెంటనే చార్జరు తీసి, యంత్రమును ఆపివేసి, మరల వెలిగించి చూడక, పాఠశాలకు తీసికొనిపోవలెను. ఎండలో ఆరబెట్టి పరీక్షించి చూచుటవలన చిన్న నష్టము పెద్దదగును.

3. తెర కావల నున్న మనుష్యుడు

ఇంతవరకు చెప్పినది నిచ్చెనకును పుస్తకమునకును గూడ ఏదో యొక రీతిగా వర్తించును. కంప్యూటరునందలి విశేషము వేరు. దాని ద్వారా విద్యార్థి ఇతరుల జీవితములలోనికి ప్రవేశించును. ఇతరులును అతని జీవితములోనికి ప్రవేశింతురు. కావున ఎరువు వచ్చినది యంత్రము మాత్రమే కాదు. తోటివారి పేరు, ముఖము, మాట, కాలము - ఇవియన్నియు అతని చేతికి అప్పగింపబడినవే.

మొదటిది పాస్‌వర్డు. దానిని స్నేహితునకు చెప్పుట స్నేహము కాదు. స్నేహితునిది అడుగుటయు స్నేహము కాదు. ఒకని పేరుతో మరియొకడు ప్రవేశించి వ్రాసినచో, చేయనివాడు నిందను మోయవలసి వచ్చును. ఇతరుల పాస్‌వర్డును మోసపూరితముగా వాడుటను 2000 నాటి సమాచార సాంకేతిక చట్టములోని 66సి సెక్షను నేరముగా పరిగణించుచున్నది. దానికి 3 సంవత్సరములవరకు జైలుశిక్షయు, లక్ష రూపాయలవరకు జరిమానాయు విధింపవచ్చును.

రెండవది మాట. ఎదుట నిలిచి అనలేని మాటను తెర చాటునుండి అనుట ధైర్యము కాదు. వ్రాసినవాడు తరువాత తుడిచివేసినను, ఇతరులు తీసియుంచుకొన్న నకలు తుడిచిపోదు. ఒక బాలిక రూపమునో, ఒక బాలుని నత్తినో గూర్చి తరగతి వాట్సాప్ బృందములో ఒకడు హాస్యముగా వ్రాయును; పదిమంది నవ్వు గుర్తులు పెట్టుదురు; ఇద్దరు ఇతర బృందములకు పంపుదురు. వ్రాసినవాడు ఒక్కడే అయినను గాయము చేసినవారు పదముగ్గురు. పాఠశాలలో నైనచో ఆ హాస్యము సాయంకాలపు గంటతో ఆగిపోయి, ఆ బిడ్డ యింటికి పోయి తల్లి ఒడిలో ఊరట పొందియుండును. ఇప్పుడు అది ఆ బిడ్డ యింటికే, ఆమె పడకగదికే వచ్చును. ఈ ఒక్క భేదమును విద్యార్థి గ్రహించినచో మిగిలిన నియమములు చెప్పకయే తెలియును.

మూడవది చిత్రము. తోటివారినిగాని, పాఠము చెప్పు ఉపాధ్యాయునిగాని అనుమతి లేక ఫోటో తీసి పంపరాదు. ఒకరి గోప్యాంగముల చిత్రమును అనుమతి లేక తీయుటయు పంపుటయు అదే చట్టములోని 66ఇ సెక్షను క్రింద నేరము. కాని సభ్యమైన చిత్రమైనను పరిహాసమునకు వాడినప్పుడు అది ఒకరి గౌరవమును అపహరించుటయే యగును.

నాల్గవది శ్రమ. ఇతరులు వ్రాసినదానిని తన పేర సమర్పించుట దొంగతనమని విద్యార్థులందరు ఎరుగుదురు. ఇప్పుడు ప్రశ్న వేసినంతనే వ్యాసము వ్రాసి యిచ్చు కృత్రిమ మేధా యంత్రములు వచ్చినవి. వానిని అడిగి తెలిసికొనుట వేరు. వాని వ్రాతను తన వ్రాతయని చూపుట వేరు. ఉపాధ్యాయుడు అనుమతించినంతవరకే వాడి, వాడినట్లు చెప్పవలెను. ఎరువు యంత్రముపై ఎరువు తెలివితో వ్రాసిన వ్యాసమునకు మార్కులు రావచ్చును. యంత్రమును తిరిగి యిచ్చిన దినమున విద్యార్థి చేతిలో ఏమియు మిగులదు.

అయిదవది ఆత్మరక్షణము. ఇంటి చిరునామా, ఫోను నంబరు, తాను ఏ వేళ ఎచట నుండునో - వీనిని అపరిచితులకు తెలుపరాదు. పాఠశాలవారు ఏర్పరచిన అడ్డుగోడను దాటుటకు అడ్డదారులు వెదకరాదు. తెలియని సాఫ్ట్‌వేరును ఎక్కింపరాదు. లేత మొక్క చుట్టు కట్టిన కంచె ఆ మొక్కను బంధించుటకు కట్టినది కాదు గదా! కాలపరిమితియు ఆత్మరక్షణమే. కేంద్ర ప్రభుత్వము 2020 జులైలో ప్రకటించిన 'ప్రజ్ఞత' మార్గదర్శకములు 1 నుండి 8 తరగతులవారికి దినమునకు 2 పాఠములకును, 9 నుండి 12 తరగతులవారికి 4 పాఠములకును మించరాదని, ఒక్కొక్క పాఠము 30 నుండి 45 నిమిషములుండవలెనని సూచించినవి. అవి పాఠశాలలు మూతపడిన కాలమునకు చేసిన సూచనలైనను, కన్నులకును మనస్సునకును విశ్రాంతి వలయునను సూత్రము ఎల్లకాలమునకు చెల్లును.

4. నిజము చెప్పుటకు చోటు

నియమములన్నిటిలో ముఖ్యమైనది యొకటి గలదు: ఏదైన జరిగినచో వెంటనే చెప్పవలెను. దీనినే విద్యార్థులు ఎక్కువగా ఉల్లంఘింతురు. కారణము దుర్బుద్ధి కాదు, భయము.

కూలిపని చేసికొను కుటుంబములోని ఒక బాలుని ఊహింతము. అతని చెల్లెలు ఆడుకొనుచు ల్యాప్‌టాపును క్రింద పడవేసినది. తెర మూలలో ఒక గీత పడినది. బాగుచేయుటకు అగు ఖర్చు తండ్రి నెల సంపాదనలో సగమని అతడు వినియున్నాడు. అతడు చెప్పడు. తెరపై ఒక స్టిక్కరు అంటించును. వారము దినములలో ఆ గీత తెరంతయు ప్రాకును. ఉపాధ్యాయుడు అడుగగా, బస్సులో ఎవరో త్రోసిరని చెప్పును. ఒక ప్రమాదము ఇట్లు మొదట దాపరికముగను, పిమ్మట అబద్ధముగను మారినది. యంత్రము బాగుపడవచ్చును, కాని ఆ బాలుడు ఉపాధ్యాయుని కన్నులలోనికి చూడలేకపోయిన ఆ వారము దినములు ఎవరు తిరిగి యియ్యగలరు?

కావున నియమములు వ్రాయువారు మూడింటిని వేరుచేసి చూపవలెను: ప్రమాదము, అజాగ్రత్త, మోసము. ప్రమాదమునకు శిక్ష లేదని స్పష్టముగా వ్రాయవలెను. అజాగ్రత్తకు దిద్దుబాటు ఉండవలెను. మోసమునకు మాత్రమే దండన ఉండవలెను. పేదవాని బిడ్డ నిజము చెప్పి శిక్షనుభవించి, ధనవంతుని బిడ్డ డబ్బు చెల్లించి తప్పించుకొను నియమము, కాగితముపై ఎంత చక్కగా నున్నను, నియమము కానేరదు.

అంతర్జాలములో కలుగు కష్టమును గూర్చియు ఇదే మాట. ఎవరైన బెదిరించినను, చిత్రము పంపుమని ఒత్తిడి చేసినను, బిడ్డ మొదట తల్లిదండ్రులకో ఉపాధ్యాయునికో చెప్పగలుగవలెను. చెప్పినంతనే యంత్రమును లాగికొందురని భయపడు బిడ్డ ఎన్నటికి చెప్పడు. ఆపదలోనున్న బాలల కొరకు 1098, ధనమోసముల కొరకు 1930 అను ఫోను నంబర్లు గలవు. ఈ రెండు అంకెలను యంత్రముతోపాటు ఇచ్చు కాగితముపై అచ్చువేయుట మంచిది.

5. ఇచ్చువాని ధర్మము

పుచ్చుకొన్నవానికే ధర్మము, ఇచ్చినవానికి లేదనుకొనుట పొరపాటు. ఇచ్చు వస్తువులో తనకు తెలిసిన దోషమును ముందే చెప్పవలెనని కాంట్రాక్టు చట్టములోని 150వ సెక్షను ఇచ్చువానిని నిర్బంధించుచున్నది.

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున లోయర్ మెరియన్ పాఠశాలా మండలి తన ఉన్నత పాఠశాలల విద్యార్థులు సుమారు 2,300 మందికి ల్యాప్‌టాపులు ఎరువిచ్చెను. పోయిన యంత్రమును కనుగొనుటకై దూరమునుండి కెమెరాను పనిచేయించు ఏర్పాటు వానిలో నుండెను. దానిని గూర్చి విద్యార్థులకుగాని తల్లిదండ్రులకుగాని సరిగా తెలుపలేదు. ఆ ఏర్పాటును ఆపక వదలివేయుటచే, యిండ్లలోనున్న బాలుర చిత్రములు వారికి తెలియకయే తీయబడెను. 2010 ఫిబ్రవరిలో ఒక విద్యార్థి కుటుంబము న్యాయస్థానమునకెక్కెను. నేరబుద్ధి కనబడలేదని ప్రభుత్వ న్యాయవాదులు క్రిమినల్ చర్య తీసికొనలేదు. కాని అదే సంవత్సరము అక్టోబరులో ఆ మండలి 6,10,000 డాలర్లు చెల్లించుటకు ఒప్పుకొని రాజీపడెను.

ఇందలి పాఠము సులభము. దొంగను పట్టుటకు పెట్టిన కన్ను బిడ్డపై పడినది. పాఠశాలవారు తమ యంత్రమును తనిఖీ చేయుటకు హక్కు గలవారే. కాని ఏమి చూతురో, ఎప్పుడు చూతురో, ఎవరు చూతురో ముందుగా చెప్పి చూడవలెను. భారత పార్లమెంటు 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము 18 సంవత్సరములు నిండనివారిని బాలలుగా పరిగణించి, వారి సమాచారమును వాడుటకు ముందు తల్లిదండ్రుల అనుమతి పొందవలెనని నిర్దేశించినది. చాటుగా చూచుటచే భయము పుట్టును. భయము కపటమును నేర్పును. చెప్పి చూచుటచే నమ్మకము నిలుచును.

6. తిరిగి యిచ్చుట

చదువు ముగిసినది. యంత్రమును అప్పగింపవలసిన దినము వచ్చినది. విద్యార్థి తన వ్రాతలను వేరుగా దాచుకొని, తన ఖాతాలనుండి వెలుపలికి వచ్చి, చార్జరును సంచిని సరిచూచుకొని, తెరను మెత్తని పొడిగుడ్డతో తుడిచి అప్పగింపవలెను. చెడినదేదైన ఉన్నచో అడుగకముందే చెప్పవలెను. వచ్చు సంవత్సరము ఆ యంత్రము మరియొక బిడ్డ చేతికి పోవును. ఆ బిడ్డ పేరు ఇతనికి తెలియదు. ఆ బిడ్డ ఇతనికి కృతజ్ఞత చెప్పబోడు. ఎవరికో తెలియక, తిరిగి ఏమియు ఆశింపక చేసిన ఈ చిన్న ఉపకారమును మన పెద్దలు నిష్కామకర్మ మనిరి. బాలునికి దానిని నేర్పుటకు ఇంతకంటె సులభమైన అవకాశము అరుదు.

విద్యార్థి ప్రతి రాత్రి మూత వేయుటకు ముందు తన్ను తాను నాలుగు ప్రశ్నలు అడుగుకొనవచ్చును:

నేడు ఈ యంత్రము ద్వారా ఎవరి మనస్సునైన నొప్పించితినా?

నాది కానిదానిని నాదని చూపితినా?

అమ్మ ప్రక్కన కూర్చుండియున్నచో చేయనిదేదైన చేసితినా?

చెప్పవలసినదేదైన దాచితినా?

ఈ ప్రశ్నలకు సమాధానము ఏ ఉపాధ్యాయుడును అడుగడు, ఏ యంత్రమును వ్రాసికొనదు. అట్లు ఎవరును అడుగకున్నను సమాధానము చెప్పుకొనగల బాలుడు నియమముల కాగితము నెప్పుడో దాటిపోయినాడు. ఎరువు వస్తువును అతడు తిరిగి యిచ్చివేయును. దానివలన అలవడిన శీలము మాత్రము అతని సొంతమై నిలుచును.